పసుపు పూల పొదలు: ఏది తంగేడు, ఏది కాదు?

ప్రశ్న: తంగేడని ఇస్తే పెరట్లో నాటాం. ఇప్పుడు విరగబూస్తోంది. చూసినవాళ్లు మాత్రం అది తంగేడు కాదంటున్నారు. పూలు ఎండబెట్టి కషాయానికి వాడాలని మా ఉద్దేశం. తేల్చుకునేదెలా?

జవాబు: తేలేదాకా పూలు కోయకండి. ముందు అనుమానించాల్సింది తంగేడుకు దగ్గరి చుట్టమైన సెన్నా సురటెన్సిస్‌ను. అయిదు రేకుల పువ్వు, బల్లపరుపు కాయ రెండింటికీ ఉంటాయి. తంగేడు ఆకులో 8 నుంచి 12 జతల పత్రకాలు (ఈనెకు ఇరువైపులా ఉండే చిట్టి ఆకులు) ఉంటే, సురటెన్సిస్‌కు 6 నుంచి 9. అంటే 8, 9 జతలున్న ఆకు చేతికొస్తే లెక్కపెట్టి లాభం లేదు.

ఆకు కాడ కొమ్మకు అతికిన చోట చూడండి. తంగేడుకు అక్కడ చెవుల్లా గుండ్రంగా, వెడల్పుగా పత్రపుచ్ఛాలు (కాడ మొదట్లో పుట్టే చిన్న ఆకులాంటివి) ఉంటాయి. సురటెన్సిస్‌కు అవి సన్నగా, కొడవలి వంపుతో ఉంటాయి. ముదురు కొమ్మల మీద రాలిపోయి ఉండవచ్చు కనుక ఈ ఏటి కొమ్మనే పరీక్షించాలి. తర్వాత ఆకు ఈనె పైభాగాన్ని భూతద్దంతో చూడండి. తంగేడులో ప్రతి పత్రకాల జత మధ్యా నిలువుగా ఒక చిన్న గ్రంథి (బుడిపె) ఉంటుంది. సురటెన్సిస్‌లో అడుగునున్న రెండు మూడు జతల మధ్యే. ఇంకా అనుమానముంటే పువ్వు విప్పండి. రెండింటికీ పది కేసరాలే. తంగేడులో పైనున్న మూడూ పొట్టిగా, పుప్పొడి లేకుండా ఉంటాయి. సురటెన్సిస్‌లో పదీ పుప్పొడి ఇచ్చేవే.

తంగేడేనని తేలినా, మధుమేహానికి మాత్రలు వేసుకునేవారు వైద్యుణ్ని అడగకుండా కషాయం మొదలుపెట్టవద్దు. రెండూ కలిసి చక్కెరను మరీ తగ్గించే ప్రమాదముంది.

ప్రశ్న: పచ్చగన్నేరు, అల్లమండ, టెకోమా మూడింటికీ గొట్టాల్లాంటి పసుపు పూలే. ఇంట్లో పసిపిల్లలున్నారు. వీటిలో ఏది ప్రమాదం?

జవాబు: పచ్చగన్నేరు. ఆకు నుంచి గింజ దాకా అంతా విషమే, గింజలో మరీ ఎక్కువ. అది గుండె లయను దెబ్బతీస్తుంది. ఎండబెట్టినా ఉడికించినా పోతుందని నమ్మకండి. ఆకు తుంపితే పాలు కారతాయి. సన్నటి ఆకులు కొమ్మ చుట్టూ ఒక్కొక్కటిగా పుడతాయి. కాయ గుండ్రంగా, అంచు తేలినట్టు ఉండి, పండితే నల్లబడుతుంది. అల్లమండకూ పాలున్నాయి కానీ ఆకులు కణుపుకు మూడో నాలుగో గుంపుగా వస్తాయి, కాయకు ముళ్లుంటాయి. దాని పాలు కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. టెకోమాకు పాలు ఉండవు. ఆకు అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, ఈనె కొసన ఒంటి పత్రకం ఉంటుంది.

పిల్లలు తిరిగే చోట పచ్చగన్నేరు వద్దనే మా మాట. ఎవరైనా గింజ కొరికారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నాలతో కాలం గడపకుండా, ఆ కొమ్మా కాయా సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అప్పటికి బాగానే ఉన్నారని ఆగవద్దు.

ప్రశ్న: కసివిందను తగిరిస నుంచి వేరుచేసేదెలా?

జవాబు: తగిరిసకు మూడు జతల పత్రకాలు, కొసలు మొద్దుగా ఉంటాయి. కసివిందకు నాలుగైదు జతలు, కొసలు మొనదేలి ఉంటాయి. కాడ మొదట్లో ఒకే ఒక్క నల్లటి గ్రంథి ఉబ్బి కనిపిస్తుంది. కసివింద పచ్చి గింజలు తిన్న పిల్లలకు కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతిన్న ఉదంతాలు ఉత్తరప్రదేశ్‌లో నమోదయ్యాయి. పెరట్లో మొలిస్తే కాయ కట్టకముందే వేరుతో పీకేయండి.