పాతికమందికి ఒకే ఇల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

నాలుగైదు కుటుంబాలు కలిసి సెలవులకి పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకోవడం గురించి ఈ నెల ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ కలిపి మేం 24 మందిమి. సంక్రాంతి మూడు రోజులకీ కోనసీమలో దిండి దగ్గర పాత మండువా ఇల్లు అద్దెకు తీసుకోవాలనుకుంటున్నాం. "నాలుగు గదులు, హాలు, మండువా... పాతికమంది హాయిగా పడతారండీ" అంటున్నారు ఇంటాయన. అడ్వాన్సు ఇచ్చేముందు ఏమేం అడగాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పడుకోవడానికేం, మండువా చుట్టూ పరుపులు వేస్తే ముప్ఫైమందైనా సర్దుకుంటారు. అసలు చిక్కు తెల్లవారుజామున మొదలవుతుంది. అందుకని గదుల సంగతి తర్వాత. బాత్రూములు ఎన్ని, గీజరు ఎన్ని లీటర్లది, పైన ట్యాంకు ఎంతది అని ముందు అడగండి. ఈ మూడింటికీ ఇంటాయన నీళ్లు నమిలితే ఇంకో ఇల్లు చూసుకోండి.

లెక్క చూడండి. మూడు బాత్రూములుంటే ఒక్కోదానికి 8 మంది. మనిషికి 12 నిమిషాలనుకున్నా గంటన్నర పైనే. అదీ వేడినీళ్లు ఆగకుండా వస్తేనే. 15 లీటర్ల గీజరు నిండా కాగితే, చన్నీళ్లు కలిపాక దాదాపు 30 లీటర్లు, అంటే బకెట్టున్నర వస్తుంది. మళ్లీ కాగడానికి 2 కిలోవాట్ల గీజరుకు 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. ఎనిమిదిమందికి తలా ఒక బకెట్టుకే రెండు గంటలు. భోగినాడు అందరికీ తలంటు కాబట్టి తలా రెండు బకెట్లు, అంటే నాలుగు గంటలు! పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లకాగు పెట్టే వీలుందా, కట్టెలు వాళ్లే ఇస్తారా అని అడగండి. 40 లీటర్ల కాగు కింద నాలుగున్నరకల్లా మంట వేసి, తోడినకొద్దీ చన్నీళ్లు పోస్తుంటే ఎనిమిదింటికల్లా అందరి తలంట్లూ అయిపోతాయి. ఆ పని ఒక్కరికే అప్పగించండి. అందరూ తోడుకుని ఎవరూ పొయ్యకపోతే అడుగంటేది కాగే.

కరెంటుకీ లెక్కుంది. మూడు గీజర్లు కలిసి 6 కిలోవాట్లు, దాదాపు 26 ఆంపియర్లు. చాలా ఇళ్లలో మెయిన్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్చి) 32 ఆంపియర్లది. దానిమీద ఒక హెచ్‌పీ మోటారు, ఏసీ కలిశాయంటే ట్రిప్పవుతుంది. అది పాడైపోయిందనుకుని పదిసార్లు పైకి నెట్టకండి. ఏదో ఒకటి ఆపి అప్పుడు వెయ్యండి. మోటారు ముందు, గీజర్లు తర్వాత అని వరస పెట్టుకుంటే గొడవ ఉండదు. సాయంత్రాలు ఓల్టేజీ పడిపోయే ఊళ్లలో మోటారు గుర్రుమంటుంది తప్ప నీళ్లెక్కించదు. వెంటనే ఆపకపోతే కాలిపోతుంది, ఆ ఖర్చు మీ డిపాజిట్‌లోంచే పోతుంది.

నీళ్లు తలా రోజుకి 100 లీటర్లు అనుకుంటే 2,400 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకును రోజుకి రెండున్నరసార్లు నింపాలి. ఎవరు నింపుతారో తేల్చుకోండి. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు సముద్రం దగ్గర పడేకొద్దీ బోరునీళ్లు ఉప్పగా తగులుతాయి. అలాంటి నీళ్లలో సబ్బు నురగరాదు, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. కాబట్టి తాగడానికే కాదు, పప్పుకీ అన్నానికీ కూడా క్యాన్‌నీళ్లే వాడండి. తాగడానికి తలా 3 లీటర్లు, వంటకి మరో 20 లీటర్లు కలిపితే రోజుకి 20 లీటర్ల క్యాన్లు ఐదు పడతాయి.

సెప్టిక్ ట్యాంకు ఎప్పుడు ఖాళీ చేయించారో కూడా అడగండి. సిగ్గుపడేదేం లేదు. కోనసీమలో నేలలో నీళ్లు పైపైనే ఉంటాయి. నిండిన ట్యాంకు మీద 24 మంది పడితే రెండోరోజుకే కమోడ్‌లో గుడగుడ మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే వెస్ట్రన్ కమోడ్ ఉన్న బాత్రూముకి ఆనుకున్న గది వాళ్లకివ్వండి. పాత ఇళ్లలో గడపలు ఎత్తు, పైగా మంచు పడి తడిసిన మండువా గచ్చు జారుతుంది. రాత్రి దారిలో ఒక చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి.

ఇక రైలు. రిజర్వేషను 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకి తెరుస్తారు. జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13న కాచుకోవాలి. ఒక టికెట్టు మీద 6 బెర్తులే ఇస్తారు కాబట్టి నలుగురు నాలుగు చోట్ల కూర్చుని ఒకేసారి చెయ్యాలి. తెరిచిన మొదటిరోజంతా ఆన్‌లైన్‌లో ఆధార్ ధ్రువీకరించిన ఖాతాలకే. అది ముందురోజే చూసుకోండి. పాలకొల్లులో దిగితే చించినాడ వంతెన దాటగానే దిండి. అక్కణ్నుంచి మాట్లాడుకునే బండి మాత్రం 12 సీట్ల టెంపో ట్రావెలర్లు రెండయితే నయం. కాలవగట్టు దారుల్లో పెద్ద బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతే సామాన్లు నెత్తిన పెట్టుకుని నడవాలి.

అన్నీ మాట్లాడుకున్నాక తేదీలు, ఏ పూట దిగేది, ఏ పూట ఖాళీ చేసేది, ఎంతమంది, ఏయే గదులు, అడ్వాన్సు, డిపాజిట్, రాకపోతే ఎంత తిరిగిస్తారు అన్నవి వాట్సాప్‌లో రాసి, ఇంటాయన చేత "సరే" అనిపించుకోండి. అదే ఆవరణలో ఇంకెవరికైనా గదులిస్తారా అన్నది చాలామంది అడగడం మర్చిపోయే ప్రశ్న.

ప్రశ్న: అద్దె ఇంట్లో 20–25 మందికి మేమే వండుకోవాలనుకుంటున్నాం. కొలతలు చెప్పగలరా? వంటమనిషి అవసరమా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మధ్యాహ్నం మీరే వండుకోండి. ఉదయం టిఫిన్ మాత్రం ఊళ్లో ఎవరికైనా అప్పగించండి. పొద్దున స్నానాలు, పిల్లలు, కాఫీలు అన్నీ ఒక్కసారే మీదపడతాయి. పెసరట్లే చూడండి. తలా రెండు చొప్పున 48. ఒక్క పెనం మీద అట్టుకి రెండు నిమిషాలైనా గంటన్నర పైన పొయ్యి దగ్గర నిలబడాలి. ఆ నిలబడేది ఎవరో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఇంట్లోనే చేసుకోవాలంటే ఉప్మా (2 కిలోల రవ్వ) లేదా ఇడ్లీ. ఇడ్లీకి కిలో మినపప్పు, 2 కిలోల ఇడ్లీ రవ్వ వేస్తే సుమారు 120 వస్తాయి. పిండి రుబ్బి తీసుకెళ్లేట్టయితే గిన్నె సగమే నింపండి. దారిలో పొంగి సామానంతా పులుస్తుంది. రాత్రి ప్రయాణమైతే ఐస్‌బాక్సులో పెట్టండి.

24 మందిలో ఆరుగురు పిల్లలనుకుంటే మధ్యాహ్నానికి బియ్యం 3 కిలోలు, రాత్రికి రెండున్నర. పప్పుకి కందిపప్పు కిలో, సాంబారుకి ముప్పావు కిలో చాలు. కోడికూర 5 కిలోలు. చేపలైతే ముళ్లూ తలలూ పోతాయి కాబట్టి 6. పాలు రెండుపూటలా కాఫీ, టీలకి 5 లీటర్లు, తోడు పెట్టడానికి 3.

బియ్యం మాత్రం ఇంటి నుంచే పాతవి తీసుకెళ్లండి. సంక్రాంతి రోజుల్లో పల్లెల్లో దొరికేవి కొత్త బియ్యం. అలవాటైన కొలతకి నీళ్లు పోస్తే ముద్దవుతుంది. కొత్తవే వాడాల్సొస్తే గ్లాసుకి రెండుకి బదులు ఒకటిన్నర గ్లాసుల నీళ్లతో మొదలుపెట్టండి.

ఇంటి స్టవ్ మీద 3 కిలోల అన్నం ఒకే గిన్నెలో పెడితే అడుగు మాడుతుంది, పైన పలుకుంటుంది. మంట గిన్నె మధ్యలోనే తగలడం దానికి కారణం. అందుకని రెండు గిన్నెల్లో పెట్టండి, లేకపోతే గ్యాస్ భట్టీ అద్దెకు తెచ్చుకోండి. ఆంధ్రలో సప్లయ్ కంపెనీ అని, తెలంగాణలో టెంట్ హౌస్ అని అడిగితే భట్టీతోపాటు 20 లీటర్ల గుండిగలు, గరిటెలు, జల్లిగంటెలు కూడా ఇస్తారు. తెచ్చేటప్పుడు లెక్కపెట్టి ఫొటో తీసుకోండి. పోయేవి ఎప్పుడూ గరిటెలే. గంజి వార్చే పద్ధతి అలవాటున్నవాళ్లు ఇక్కడ ఆ పని పెట్టుకోకండి. 15 లీటర్ల మరుగుతున్న గుండిగని ఇద్దరు పట్టుకుని వంచాలి, కాళ్ల దగ్గర పిల్లలు తిరుగుతుంటారు. అత్తెసరు పెట్టడమే క్షేమం.

భట్టీని ఆరుబయట, గాలికి రేకు అడ్డం పెట్టి వాడండి. సిలిండర్‌ని పడుకోబెట్టకూడదు. గ్యాస్ ట్యూబుకి సబ్బునీళ్లు రాసి బుడగలొస్తాయేమో చూశాకే వెలిగించండి. నిండు సిలిండర్ ఒకటి పక్కన ఉండాలి. పండగపూట దొరకదు.

ప్రశ్న: మా ఐదు కుటుంబాల్లో ఒకరికి ఇద్దరు పిల్లలు, ఒకరికి లేరు, ఇంకొకరు అమ్మానాన్నల్ని తెస్తున్నారు. ఖర్చు ఎలా పంచుకుంటే మనస్పర్థలు రావు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అంతా కలిపి ఐదుతో భాగిస్తే వస్తాయి. అద్దె గదిని బట్టి, భోజనం మనిషిని బట్టి, బండి సీటుని బట్టి పంచుకోండి.

అద్దె 44,000 అనుకుందాం. బాత్రూమున్న గదులు రెండింటికి మూడేసి వాటాలు, మామూలు గదులు రెండింటికి రెండేసి, హాల్లో పడుకునే కుటుంబానికి ఒకటి. మొత్తం 11 వాటాలు, వాటా 4,000. అంటే మంచి గదికి 12,000, మామూలు గదికి 8,000, హాలుకి 4,000. ఎవరికేది కావాలో అప్పుడు వాళ్లే తేల్చుకుంటారు. పెద్దవాళ్ల కోసం మంచి గది తీసుకుంటే ఆ తేడా తలా కొంచెం వేసుకోవడం మర్యాద.

భోజనానికి పెద్దలు ఒక వాటా, 5 నుంచి 12 ఏళ్లవాళ్లు సగం, అంతకన్నా చిన్నవాళ్లకి లేదు. 14 మంది పెద్దలు, నలుగురు పిల్లలు అయితే 16 వాటాలు. 24,000 ఖర్చుకి వాటా 1,500. ఇంటిల్లిపాదీ శాకాహారులైన కుటుంబముంటే మాంసం లెక్క విడిగా రాయండి. మందు ఖర్చు తాగేవాళ్లదే, ఇందులో కలపొద్దు.

చివర్లో మానుకునేవాళ్ల విషయం ముందే చెప్పుకోవాలి. అద్దె వాటా తిరిగి రాదు, సరుకులు కొనకముందు చెప్తే భోజనం వాటా వస్తుంది. డబ్బు ఒకరి ఖాతాలోనే ఉండాలి, లెక్క ఇంకొకరు రాయాలి. రెండూ ఒక్కరే చేస్తే ఎంత నిజాయితీపరులకైనా మాట పడక తప్పదు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నాలుగు కుటుంబాలు, 16 మందిమి. లేక్ డిస్ట్రిక్ట్‌లో కాటేజీ తీసుకోవాలనుకుంటున్నాం. మన వంటలు వండుకోవచ్చా? ఏం జాగ్రత్తలు?
– ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: వండుకోవచ్చు, కానీ పొయ్యి ఏ రకమో ముందు కనుక్కోండి. ఇండక్షన్ అయితే మన ఇండాలియం గిన్నెలు వేడెక్కవు. అయస్కాంతం అంటుకునే అడుగున్న స్టీలు గిన్నెలు, కుక్కరు తీసుకెళ్లండి. పాత కాటేజీల్లో ఆగా పొయ్యి ఉంటుంది. అది ఎప్పుడూ వేడిగా ఉండే ఇనుప పొయ్యి, మంట పెంచే మీట ఉండదు. మూతలు తీసి ఒకేసారి నాలుగు గిన్నెలు పెడితే వేడి పడిపోయి, మళ్లీ అందుకోవడానికి చాలాసేపు పడుతుంది. పులుసులకి, పాయసానికి దానికి సాటిలేదు. పూరీలకి మాత్రం పనికిరాదు.

పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి, ఎగ్జాస్ట్ వేసి, కిటికీ తెరవండి. ఎండుమిరపకాయ ఘాటుకి పొగ అలారం మోగుతుంది. దానికి గుడ్డ కట్టడం, బ్యాటరీ తియ్యడం చెయ్యొద్దు. అది ప్రాణాలకే ప్రమాదం, అద్దె షరతులకూ విరుద్ధం. ఊరికి దూరంగా ఉన్న కాటేజీలు చాలావాటికి సెప్టిక్ ట్యాంకే దిక్కు. వాడిన నూనె, నెయ్యి సింకులో పొయ్యకుండా డబ్బాలో పోసి చెత్తలో వెయ్యండి. వెట్ వైప్స్ టాయిలెట్‌లో వెయ్యనివ్వకండి. తెల్లటి వంటగట్టు మీద పసుపు మరక వెంటనే తుడవకపోతే డిపాజిట్‌కి ఎసరు. పాత దుప్పటొకటి పరిచి దానిమీద తరుక్కోండి.

"16 మందికి" అని రాసినదాంట్లో సోఫా మంచాలు ఎన్నో చూడండి. సాధారణంగా దిగేది సాయంత్రం నాలుగింటికి, ఖాళీ చేసేది ఉదయం పదింటికి. సూపర్‌మార్కెట్ డెలివరీని ఐదు తర్వాత కాటేజీకే తెప్పించుకోండి. లోయల్లో ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి దారిపటం ముందే దించుకోవాలి. 16 సీట్ల మినీబస్ అద్దెకు తీసుకుందామనుకుంటున్నారేమో. 1997 జనవరి 1 తర్వాత కారు పరీక్ష పాసైనవాళ్లకి దానికి కావలసిన డీ1 అర్హత దానంతటది రాదు. డ్రైవరుతో కలిపి 9 మంది పట్టే బండ్లు రెండు తీసుకుంటే మామూలు కారు లైసెన్సు సరిపోతుంది. రాతిగోడల మధ్య ఇరుకు దారుల్లో అవే నయం కూడా.

ప్రశ్న: మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ తీసుకుంటున్నాం, ఈతకొలను ఉంది. పిల్లలు పదిమంది. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: లోతైన చివర నిలబడి అడుగున టైల్స్ గీతలు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపించకపోతే ఆరోజు ఎవరూ దిగొద్దు. మసకనీళ్లలో మునిగిన పిల్లాడు పైనుంచి కనబడడు. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. టెస్ట్ కిట్‌తో మీ ముందే చూపించమనండి. నీళ్లలోపలి లైట్లు 12 ఓల్టులవేనా అని అడగండి. మీటర్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉండాలి. దాని టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే కొలను లైట్లు, పక్కనున్న మోటారు మెయిన్‌లోనే ఆపించండి.

పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఈతొచ్చిన పెద్దవాళ్లొకరు గట్టు మీద ఫోన్ లేకుండా కూర్చోవాలి, అరగంటకొకరు మారాలి. "అందరం ఇక్కడే ఉన్నాంగా" అన్నప్పుడే ఎవరూ చూడరు. చీకటి పడ్డాక ఎవర్నీ దిగనివ్వకండి. మందు తాగినవాళ్లని అసలే వద్దు. మ్యూజిక్ సిస్టమ్ విషయానికొస్తే, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాల్లో ఉంది. "మా ఫామ్‌హౌస్‌లో పర్లేదు" అని కాపలావాళ్లు చెప్పే మాట పోలీసులొచ్చినప్పుడు అక్కరకి రాదు.