పీహెచ్‌డీ తర్వాత క్యాన్సర్ రోగులతో పని చేయాలంటే

సైకాలజీలో పీహెచ్‌డీ అయింది, వైజాగ్‌లోనే ఉండి క్యాన్సర్ రోగులకు తోడుగా పని చేయాలనుంది, కానీ వైద్యం తెలియదని టెన్షన్ అని రాశారు కదండీ. ముందు ఒకటి చూసుకోండి: పీహెచ్‌డీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకోలేం, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన కోర్సు చేసి రిజిస్టర్ కావాలి. అది ఉంటే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలో, టాటా మెమోరియల్ సెంటర్ వాళ్లదే అది, సీనియర్ల పర్యవేక్షణలో శిక్షణకు వీలుందేమో స్వయంగా వెళ్లి అడగండి. పర్యవేక్షణ లేకుండా మాత్రం దిగొద్దు.

వైద్యం మొత్తం రానక్కర్లేదు, కానీ కీమో ఏం చేస్తుందో తెలియాలి. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం జబ్బు వల్లా వస్తాయి, డిప్రెషన్ వల్లా వస్తాయి, స్టెరాయిడ్లతో మూడ్ కూడా మారుతుంది, అందుకే ఒంటి లక్షణాలను పక్కనపెట్టి అడిగే హెచ్‌ఏడీఎస్ (ఆందోళన, డిప్రెషన్ ఎంత ఉన్నాయో కొలిచేది) లాంటి ప్రశ్నావళి ఇక్కడ పనికొస్తుంది. డిస్ట్రెస్ థర్మామీటర్ ఇంకా సులువు, మనసుకు ఎంత బాధగా ఉందో రోగే 0 నుంచి 10 వరకు ఒక అంకెతో చెప్తారు, 4 లేదా ఆపైన వస్తే కూర్చుని వివరంగా మాట్లాడాలి.

అసలు కష్టం వేరే ఉంది. "నాన్నకి క్యాన్సరని చెప్పకండి మేడమ్" అని కొడుకు గుమ్మం దగ్గరే ఆపేస్తాడు. అతన్ని తప్పుపట్టకండి, చెబితే ఏమవుతుందని భయమో అడగండి, తర్వాత పెద్దాయన్ని ఎంతవరకు తెలుసుకోవాలనుందో అడగండి, చాలాసార్లు ఆయనకు అప్పటికే తెలిసి ఉంటుంది.

మీ ఆర్‌సీఐ సంగతి రాయండి, దాన్నిబట్టి మిగతాది చెప్తాను.