తమ్ముడూ, ఎర్ర పెన్ను కాసేపు జేబులోనే ఉంచు

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశాను. కథలు రాస్తావని తెలిసి మీ ఊరి హైస్కూల్ హెడ్మాస్టరు గారు తొమ్మిదో తరగతి పిల్లలకు వారానికో పీరియడ్ రాయడం నేర్పమన్నారట, ఏం చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. కథ ఎలా రాయాలో చెప్పే ఉపన్యాసం మాత్రం తయారు చేసుకోకు. పీరియడ్ అంతా నువ్వే మాట్లాడితే వాళ్లు రాసేదెప్పుడు?

ముందు వాళ్ల పాత నోటుబుక్కులు తిరగెయ్. వ్యాసం అంటే ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని సైడ్ హెడ్డింగులు, వాటి కింద గైడులో వాక్యాలు. కాలుష్యం గురించి రాయమంటే 'మానవాళి మనుగడకే ముప్పు' అని రాస్తారు గానీ బడి వెనక కాలవలో నీళ్లు ఏ రంగులో ఉన్నాయో ఒక్కరూ రాయరు. పిల్లల్ని ఏమనగలం, అలా రాస్తేనే మార్కులు పడతాయని నేర్పింది మనమే కదా. పాఠ్యపుస్తకంలో సృజనాత్మకత కింద కరపత్రం, సంభాషణ లాంటివి పెట్టారు, మంచి ఆలోచనే, కానీ ఇప్పుడు కరపత్రానికి కూడా గైడులో జవాబు రెడీగా దొరుకుతుంది.

అందుకే గైడులో దొరకనివి అడుగు. మీ ఇంట్లో పప్పు ఎలా చేస్తారో, జన్మలో పొయ్యి ముట్టించని మనిషికి అర్థమయ్యేలా రాయమను. అరపేజీ చాలు. క్లాసులోనే రాయించు, ఇంటికిస్తే అక్క రాస్తుంది, లేకపోతే ఫోన్ రాస్తుంది. రాశాక కాగితాలు పక్కవాళ్లతో మార్పించు. చదివినవాళ్లు తప్పులు దిద్దకూడదు, అర్థంకాని చోట ప్రశ్న మాత్రమే రాయాలి: 'ఉప్పు ఎప్పుడేశావు?' 'పోపు దేంట్లో పెట్టావు?' 'చింతపండు ముందే వేస్తే పప్పు ఉడుకుతుందా?' ఆ ప్రశ్నలు చూసుకుని ఎవరి కాగితం వాళ్లు మళ్లీ రాయాలి. నువ్వు అసలు నేర్పాల్సింది ఈ రెండోసారి రాయడమే. పరీక్షలో ఒక్కసారే రాస్తారు కాబట్టి, రాయడమంటే ఒక్కసారి రాసి ఇచ్చేయడమేనని వాళ్లు నమ్మేశారు. అచ్చయిన నీ కథని ఎన్నిసార్లు తిరగరాశావో ఆ చిత్తుప్రతులన్నీ పట్టుకెళ్లి చూపించు, సార్ కూడా ఇన్ని కొట్టివేతలు కొడతారా అని నోరెళ్లబెడతారు.

'సార్, ఇంట్లో మాట్లాడినట్టు రాయొచ్చా?' అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ ప్రశ్నకి వందేళ్లు దాటాయి. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని వాడుక భాషలో రాసినా ఒప్పుకోవచ్చని బళ్లకు ఉత్తర్వు వెళ్లింది, పండితులు గొడవ చేశారు, కొద్దికాలానికే అది వెనక్కి పోయింది. ఆ పోరాటంలో ముందున్న గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా మొదలైనవారే. ఆయన పుట్టినరోజని ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, ఆ రోజు పిల్లల చేత బట్టీ పట్టించి చెప్పించే ఉపన్యాసాలు ఆయన వింటే ఏమనేవారో! నువ్వు మాత్రం మొదటి ప్రతిలో 'వచ్చిండు' రానీ, 'వచ్చినాడు' రానీ, వాళ్లమ్మ అనే మాటలన్నీ రానీ. పరీక్షకి పనికొచ్చే రూపం ఏదో రెండో ప్రతి దగ్గర చెప్పు. అప్పుడు కూడా మనుషులు మాట్లాడుకునే చోట వాళ్ల యాస జోలికి వెళ్లకు.

దిద్దడం గురించి అడిగావు. ఒత్తులు, పొల్లులు, ల-ళ, న-ణ, అన్నీ ఒకేసారి ఎర్రగా చుట్టావంటే మర్నాటి నుంచి ఆ పిల్ల తనకి స్పెల్లింగ్ తెలిసిన మాటలే రాస్తుంది. వారానికి ఒక్క రకం తప్పు పట్టుకో, మిగతావి చూసీ చూడనట్టు వదిలెయ్. 'బాగుంది' అని రాసి సంతకం పెట్టడం కూడా దండగే, ఏ వాక్యం బాగుందో దాని కింద గీత గియ్యి. అందరి కాగితాలూ ప్రతివారం ఇలా చూడటం కుదరదు, పది చూడు, మిగతావి పై వారం.

ఇంకో మాట, వాళ్లు రాస్తున్నప్పుడు నువ్వు కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకోకు. నీ పప్పు పేరా నువ్వు బోర్డు మీద రాయి, అక్కర్లేని మాటలు వాళ్లనే కొట్టేయమను. మొహమాటపడతారని అనుకోకు, 'ఘుమఘుమలాడే' మొట్టమొదట పోతుంది. ఇదంతా దసరా సెలవుల్లోపు అలవాటు చేసెయ్, సంక్రాంతి దాటాక నీ పీరియడ్ లెక్కల సారు అడుగుతారు, హెడ్మాస్టరు గారు ఇచ్చేస్తారు.

మీ అన్నయ్య