నెలకు 8,880 రూపాయల స్మూతీలు: ఇంట్లో చేసుకుంటే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. పొద్దున్నే జిమ్ నుంచి రాగానే యాప్‌లో రెండు ఫ్రూట్ స్మూతీలు తెప్పించుకోవడం అలవాటైంది. డెలివరీ ఛార్జీతో కలిపి గ్లాసు 185 రూపాయలు పడుతోంది. నెలకు 24 రోజులు, అంతా క్రెడిట్ కార్డు మీదే. కార్డు బాకీ 42,000 ఉంది, వడ్డీ నెలకు 3.5%, ప్రతి నెలా స్మూతీల డబ్బుతో పాటు మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) 2,100 కడుతున్నాం. ఇంటి ఖర్చు 60,000. అత్యవసర నిధి అంటూ ఏమీ లేదు. ఒక మంచి బ్లెండర్ 12,000కు ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐలో వస్తోంది. అది కొని ఇంట్లోనే చేసుకుని, మిగిలిన డబ్బుతో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెడదామనుకుంటున్నాం. పండ్ల ధరలు చూస్తే ఏమీ మిగలదని మావారంటున్నారు. ఇంట్లో 750 వాట్ల మిక్సీ ఉంది. మా అత్తయ్యగారికి షుగర్, ఆవిడకూ ఇవ్వొచ్చా?

జవాబు: ఇంట్లో చేసుకోండి, బాగానే మిగులుతుంది. కానీ బ్లెండర్ ఇప్పుడు వద్దు, సిప్ కూడా ఇప్పుడే వద్దు. ముందుగా మీవారి అనుమానం సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో కొంత నిజముంది.

రెండు గ్లాసులకు, అంటే సుమారు 600 మిల్లీలీటర్లకు, కావలసినవి ఇవి: బొప్పాయి ముక్కలు 200 గ్రాములు, అనాస ముక్కలు 80 గ్రాములు, బాగా మగ్గిన అరటిపండు ఒకటి, పెరుగు 150 గ్రాములు, నీళ్లు 100 మిల్లీలీటర్లు, నానబెట్టిన సబ్జా గింజలు కొద్దిగా. బొప్పాయి కిలో 40 అనుకుందాం. తొక్క, గింజలు పోగా మూడింట రెండొంతులే మిగులుతుంది కాబట్టి 200 గ్రాముల ముక్కలకు 300 గ్రాముల పండు కావాలి: 12 రూపాయలు. అనాస తూకం ఇంకా మోసం చేస్తుంది. 60 రూపాయలకు కొన్న 1,200 గ్రాముల కాయలో చెక్కు, కళ్లు, మధ్య బొండు తీసేస్తే చేతికొచ్చేది సగమే, కాబట్టి 80 గ్రాములకు 8 రూపాయలు. డజను 60 చొప్పున అరటిపండు 5. అర కిలో 40 రూపాయల పెరుగులో మన వాటా 12. సబ్జా 4. మొత్తం 41 రూపాయలు, రెండు గ్లాసులకు. మిక్సీ రెండు నిమిషాలు తిరిగితే కాలే కరెంటు యూనిట్‌లో నలభయ్యో వంతు, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మీ దగ్గరి రైతుబజారులో ధరలు వేరుగా ఉంటే ఆ అంకెలు వేసుకోండి, లెక్క తీరు మాత్రం ఇదే.

మరి మీవారి మాట నిజమయ్యేది ఎక్కడ? కుళ్లిపోయిన పండు దగ్గర. 1,800 గ్రాముల బొప్పాయి ఆరు రోజులకు వస్తుంది. మూడో రోజుకే మెత్తబడి సగం చెత్తబుట్టలో పడితే 12 రూపాయల ముక్కలు 24 అవుతాయి. అనాస సగం కోసి ఫ్రిజ్‌లో మరచిపోవడం, అరటిపండ్లు డజను తెచ్చి నాలుగు నల్లబడ్డాక పారేయడం, ఇలాంటివి రెండు వారాలు జరిగాయంటే విసుగొచ్చి మళ్లీ యాప్ తెరుస్తారు. ఇంటి స్మూతీ ఆగిపోయేది రుచి బాగాలేక కన్నా ఇలా పండ్లు పాడవడం వల్లే ఎక్కువ. అందుకే అసలు పని రోజూ పొద్దున్న కాదు, వారానికొకసారి, ఆదివారం చేసుకోవాలి.

ఆ పని ఇలా చేయండి. బొప్పాయి తొక్క ముప్పావు వంతు పసుపు తిరిగి, బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగాలి. పచ్చిదనం ఉన్న కాయలో పాలు ఉంటాయి, అందులోని పపైన్ అనే ఎంజైమ్ పెరుగును చేదు చేస్తుంది. గింజలు చెంచాతో ఒక్కటీ మిగలకుండా గీకెయ్యాలి. నాలుగు గింజలు మిక్సీలో నలిగినా మిరియాల ఘాటు వస్తుంది. తర్వాత రెండు సెంటీమీటర్ల ముక్కలు కోయండి, అంతకన్నా పెద్దవైతే గడ్డకట్టాక బ్లేడు లాగలేదు.

అనాస ముక్కలను మాత్రం మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచి, నీరు వార్చి చల్లార్చండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. అనాసలో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాలు, పెరుగులలోని ప్రోటీన్‌ను విడగొడుతుంది. కలిపిన పది, పదిహేను నిమిషాలకే గ్లాసు అడుగున చేదు మొదలవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన ఆ ఎంజైమ్ చావదు, వేడికే చస్తుంది. విటమిన్ సి కొంత పోతుంది, నిజమే. అయినా చేదెక్కిందని సింకులో పోసే గ్లాసుకన్నా అదే నయం.

ముక్కలన్నీ స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి మూడు నాలుగు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. తడిగా ఉన్నవాటిని అలాగే డబ్బాలో పోస్తే మొత్తం ఒకే ముద్దగా గడ్డకట్టి, పొద్దున్నే కత్తితో పొడవాల్సి వస్తుంది. విడివిడిగా గట్టిపడ్డాక ఆరు డబ్బాల్లో, ఒక్కో డబ్బాకు 200 బొప్పాయి, 80 అనాస చొప్పున సర్దండి. అరటిపండును తొక్కతో ఫ్రీజర్‌లో పెట్టకండి, తొక్క నల్లబడి పండుకు అతుక్కుపోతుంది. ఒలిచి చక్రాలుగా కోసి అదే డబ్బాలో వేయండి. తొక్క మీద గోధుమరంగు చుక్కలు పడ్డ పండు అయితే పంచదార అవసరమే ఉండదు. విడి ఫ్రీజర్ ఉన్న డబుల్ డోర్ ఫ్రిజ్‌లో ఇవి నెల దాకా బాగుంటాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైఅరలో అయితే పది రోజులు దాటనివ్వకండి.

ఇక మిక్సీ. మీ 750 వాట్ల మిక్సీ ఈ పనికి చాలు. చట్నీ జారు వద్దు, ఎంత కడిగినా వెల్లుల్లి వాసన వదలదు. జ్యూస్ కోసం ఇచ్చిన పెద్ద జారు వాడండి. ముందు నీళ్లు, పెరుగు, ఆ పైన సబ్జా, చివర గడ్డకట్టిన ముక్కలు. ఈ వరుస తిరగబడితే బ్లేడు చుట్టూ గాలి గుంట ఏర్పడి మోటారు ఊరికే అరుస్తుంది, ముక్కలు కదలవు. అలా అయితే ఆపి, 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చెంచాతో ఒకసారి కదిపి మళ్లీ తిప్పండి. మొదట పల్స్ మీద ఐదారుసార్లు, తర్వాత రెండో నంబరు మీద పది సెకన్లు, చివర మూడు మీద నలభై నుంచి అరవై సెకన్లు. జారు మూడింట రెండొంతులకు మించి నింపకండి. మధ్యలో టక్కున ఆగిపోతే మిక్సీ పాడైందనుకోకండి. లోడు ఎక్కువై అడుగున ఉండే ఎర్ర బటన్ పడిపోయి ఉంటుంది. ప్లగ్ తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, ఆ బటన్ నొక్కండి. పెద్ద పెద్ద ఐసు ముక్కలు వేస్తే, జారును మోటారుకు కలిపే కప్లర్ పళ్లు అరుగుతాయి. పండే గడ్డకట్టి ఉంది కాబట్టి ఐసు అసలు అక్కర్లేదు.

జిమ్ నుంచి వచ్చాక తాగుతున్నారు కాబట్టి ప్రోటీన్ గురించి ఒక మాట. 150 గ్రాముల పెరుగు ఇద్దరికీ కలిపి ఐదారు గ్రాములే ఇస్తుంది. రాత్రి 20 గ్రాముల వేరుశనగలు నానబెట్టి అందులోనే వేస్తే ఇంకో ఐదు గ్రాములు వస్తుంది, ఖర్చు మూడు నాలుగు రూపాయలు. బయట ప్రోటీన్ పేరుతో గ్లాసుకు అదనంగా వసూలు చేసేదానికన్నా ఇది చౌక.

మీ అత్తయ్యగారికి ఈ గ్లాసు ఇవ్వొద్దు. ఒక్కో గ్లాసులో 190 గ్రాముల దాకా పండు ఉంటుంది, అదీ నమలకుండా రెండు నిమిషాల్లో లోపలికి వెళ్లిపోతుంది. ఆవిడకు డాక్టరు ఒప్పుకుంటే అదే బొప్పాయిలోంచి 100 గ్రాముల ముక్కలు పళ్లెంలో పెట్టండి, నెమ్మదిగా నమిలి తింటారు. కిడ్నీ సమస్య కూడా ఉంటే అరటిపండు, కొబ్బరినీళ్లు డాక్టరును అడక్కుండా ఇవ్వకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ.

ఇప్పుడు నెల లెక్క. వారానికి ఆరు రోజుల పండ్లు, పెరుగు, సబ్జా, వేరుశనగలు కలిపి 290 లోపే అవుతుంది, నెలకు దాదాపు 1,150. మొదట్లో కొంత పాడవుతుంది, వేసవిలో బొప్పాయి బదులు బంగినపల్లి వేసుకోవాలనిపిస్తుంది, అది కిలో 80 ఉంటే రెండు గ్లాసులకు మరో 14 రూపాయలు పెరుగుతుంది. అందుకని 1,500 పెట్టుకోండి. నెలలో రెండు రోజులు ఓపిక లేక ఆర్డర్ చేస్తారనుకుందాం, నాలుగు గ్లాసులకు 740. పూర్తిగా మానేస్తామని ఒట్టు పెట్టుకోకండి, అలాంటి బడ్జెట్లు నిలబడవు. 8,880లోంచి ఈ రెండూ తీసేస్తే 6,640. మీరు ఖాయంగా నమ్ముకోవాల్సిన మిగులు 6,500.

బ్లెండర్ నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. సాధారణంగా బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మేరకు ధరలో తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18% జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీకే పడతాయి. 16% వడ్డీ, 199 ఫీజు అనుకుంటే 12,000 వస్తువుకు పైన దాదాపు 330 రూపాయలు. అది చిన్న విషయమే. పెద్ద విషయం వేరే ఉంది: నెలకు 2,000 ఈఎంఐ మొత్తం మీ మినిమమ్ డ్యూలో కలుస్తుంది. ఇప్పుడు 2,100 కడుతున్నచోట 4,100 కట్టాలి, పాత బాకీ మాత్రం ఒక్క రూపాయి అదనంగా తగ్గదు. మూడు నెలలు మిక్సీతోనే చేయండి. అప్పటికీ రోజూ తాగుతూ, మిక్సీ నిజంగా చాలడం లేదనిపిస్తే, కార్డు బాకీ తీరాక రొక్కం పెట్టి కొనుక్కోవచ్చు.

ఆ బాకీ లోపల ఏం జరుగుతోందో చూడండి. 42,000 మీద 3.5% అంటే నెలకు 1,470 వడ్డీ. దాని మీద జీఎస్టీ 265. కలిపితే 1,735. మీరు కట్టే 2,100లో అసలుకు జమయ్యేది 365 రూపాయలే, ఆ పైన ప్రతి నెలా 8,880 కొత్తగా గీకుతున్నారు. పైగా బాకీ పూర్తిగా కట్టనంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. మీరు ఆర్డర్ చేసిన స్మూతీ మీద కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తోంది. ఏడాదికి 42%, పన్నుతో ఇంకా ఎక్కువ పడే అప్పును పక్కన పెట్టి సిప్ కట్టడంలో అర్థం లేదు. ఏ మ్యూచువల్ ఫండూ ఆ వడ్డీని దాటి రాబడి ఇస్తుందని లెక్కవేసుకోకూడదు.

కాబట్టి మిగిలే 6,500ను పాత 2,100కు కలిపి ప్రతి నెలా 8,600 కార్డుకు కట్టండి. ఐదు నెలలు 8,600 చొప్పున, ఆరో నెల దాదాపు 4,900తో బాకీ ముగుస్తుంది. వడ్డీ రోజువారీ లెక్కన పడుతుంది కనుక డ్యూ డేట్ దాకా ఆగకుండా జీతం పడిన రోజే కట్టేయండి. నెలాఖరుకు ఎంత మిగిలితే అంత కడదామనుకుంటే ఆ 6,500 కిరాణాలోనో పెట్రోల్‌లోనో కలిసిపోతుంది. ఈ ఆరు నెలలూ కార్డు వాడకండి, పండ్లు కూడా యూపీఐతో లేదా డెబిట్ కార్డుతో కొనండి. యాప్‌లో సేవ్ చేసిన కార్డు వివరాలు తీసేయండి. మొత్తం కట్టేశాక తర్వాతి బిల్లులో కొన్ని రోజుల వడ్డీ తోక ఒకటి కనిపిస్తుంది. బ్యాంకు తప్పు చేసిందనుకుని వదిలేయకండి, అదీ కట్టేస్తేనే లెక్క మూసుకుంటుంది.

ఏడో నెల నుంచి అదే 8,600 చేతిలో ఉంటుంది. ముందు ఒక నెల ఇంటి ఖర్చు, 60,000, పొదుపు ఖాతాకు జోడించిన స్వీప్ ఇన్ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో (అవసరమైనప్పుడు ఖాతాలోంచే తీసుకోగలిగే డిపాజిట్) చేర్చండి, ఏడు నెలలు పడుతుంది. ఆ తర్వాత దాన్ని మూడు నెలల ఖర్చుకు పెంచుకుంటూనే, నెలకు 3,000 సిప్ మొదలుపెట్టొచ్చు, అదీ కనీసం ఏడేళ్లు ముట్టుకోని లక్ష్యానికి. కారు డౌన్ పేమెంట్ లాంటి ఐదేళ్ల అవసరమైతే పోస్టాఫీసు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్, నెలనెలా కట్టే పొదుపు) సరిపోతుంది. 6.7% వడ్డీ లెక్కన నెలకు 3,000 కడితే ఐదేళ్లకు సుమారు 2,14,000 వస్తుంది. ఈ రేటును ప్రభుత్వం ప్రతి త్రైమాసికానికి సమీక్షిస్తుంది, మీరు ఖాతా తెరిచిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ నడుస్తుంది. వడ్డీకి మీ ఆదాయపు పన్ను శ్లాబ్ ప్రకారం పన్ను ఉంటుంది. మూడేళ్లకు ముందు మూసేయడానికి వీల్లేదు, మూడేళ్లు దాటి మధ్యలో మూస్తే పొదుపు ఖాతా వడ్డీ మాత్రమే ఇస్తారు. అందుకే స్వీప్ డిపాజిట్ నిండకముందు ఆర్‌డీ జోలికి వెళ్లకండి.