ట్రాలీలో కూలీలను ఎక్కించుకుంటే బీమా వర్తిస్తుందా?

ప్రశ్న: నాకు సొంత ట్రాక్టర్, ట్రాలీ ఉన్నాయి. నాట్లకు, కోతలకు పదిహేను మంది దాకా కూలీలను ట్రాలీలోనే తీసుకెళ్తుంటాను. పనుల్లేని రోజుల్లో కిరాయికి ఇటుక, కంకర తోలుతాను. ఏటా బీమా కడుతున్నాను. మొన్న పోలీసులు ఆపి, ‘ఏదైనా జరిగితే నీ పొలం అమ్మినా చాలదు’ అన్నారు. బీమా ఉన్నాక నాకెందుకు భయం? మా అబ్బాయికి పదిహేడేళ్లు. పొలం దాకా డొంకదారిలో వాడే తోలుతాడు. అదీ తప్పేనా? - ఒక రైతు

జవాబు: పోలీసులు మిమ్మల్ని బెదిరించలేదు, ఉన్నమాటే అన్నారు.

ముందు బీమా కాగితం తీసి చూడండి. ట్రాక్టర్ కేసు ఏది వచ్చినా నేను మొదట అడిగేది అదే. ఎంత కట్టారన్నది పక్కన పెట్టి, ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అనే గడి వెతకండి. ఎక్కడో కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది. బండిని దేనికి వాడుకోవచ్చో అక్కడ రాస్తారు. వ్యవసాయ ట్రాక్టర్ పాలసీ అయితే సాధారణంగా వ్యవసాయ, అటవీ పనులకు మాత్రమే అని ఉంటుంది. తర్వాత వాహనం వివరాలు చూడండి. ట్రాక్టర్ నంబరు ఒక్కటే ఉందా, ట్రాలీ వివరాలూ ఉన్నాయా? ట్రక్కు అనండి, తొట్టి అనండి, మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం అది ట్రైలర్. చట్టం దాన్ని కూడా మోటారు వాహనంగానే లెక్కగట్టింది. ఇంజిన్ లేదు కదా అంటే కుదరదు. దానికి రిజిస్ట్రేషన్ కావాలి, బీమాలోనూ చోటు కావాలి. ట్రాక్టర్‌కు కట్టిన ప్రీమియం వెనక తగిలించిన బండికి దానంతటదే అంటుకోదు.

ఇక కూలీల సంగతి. ట్రాక్టర్ అంటేనే తన మీద బరువు మోయడానికి తయారుకాని వాహనం అని చట్టం నిర్వచనం. దాని మీద ఉండే సీటు సాధారణంగా డ్రైవర్‌కే. మడ్‌గార్డు మీద కూర్చున్న మనిషి చట్టం దృష్టిలో అక్కడ ఉండకూడని మనిషి. బండి బాడీ లోపల కాకుండా బయట ఎవరినీ ఎక్కించుకోరాదని 123వ సెక్షన్ చెబుతోంది. ట్రాలీలో కూర్చుంటే అది బాడీ లోపలే కదా అంటారేమో. అది సరుకు మోసే బండి. అందులో ఊరికే ఎక్కించుకున్న మనుషుల బాధ్యత బీమా కంపెనీది కాదని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది.

మీలాంటి వాళ్లు చదవాల్సిన తీర్పులు మరో రెండు ఉన్నాయి. 2004లో వచ్చిన కేసులో, కూరగాయలు అమ్ముకునే వ్యక్తి సరుకు కొని ట్రాక్టర్ ట్రాలీలో వస్తుండగా ప్రమాదంలో చనిపోయాడు. కూరగాయలు పొలంలో పండేవే కదా, వ్యవసాయ పని కాదా అన్న వాదన నిలవలేదు. వ్యాపారానికి సరుకు తోలడం వ్యవసాయం కాదన్నారు. బీమా కంపెనీ బయటపడింది. 2007 నాటి కేసు అచ్చం మీ ఇటుక బేరం లాంటిదే. ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాలీ మీద కూలీ గాయపడ్డాడు. ట్రాక్టర్‌కు వ్యవసాయ పాలసీ ఉంది, ట్రాలీకి బీమా లేదు. కంపెనీకి బాధ్యత లేదన్నారు. కాకపోతే బీదవాడి గతి చూసి సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారంతో, ముందు కంపెనీ చెల్లించి ఆ తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని చెప్పింది. చాలామంది ఈ తీర్పు విని ‘ఎలాగూ కంపెనీ కట్టేస్తుంది’ అని ధైర్యంగా ఉంటారు. కూలీకి అది ఊరట, మీకు కాదు. కంపెనీ మళ్లీ వేరే దావా వేయకుండానే ఆ డబ్బు కోసం మీ ఆస్తి మీదికి రావచ్చు. పొలం అమ్మడమన్న పోలీసు మాటకు అర్థం ఇదే.

సరుకు ఎక్కించి దించే కూలీలకు కొంత అదనపు ప్రీమియంతో కవరేజీ తీసుకునే వీలుంది. దాని గురించి ఏజెంటును అడగండి. నాట్లకు వెళ్లే పదిహేను మంది మాత్రం అందులోకి రారు. వాళ్లను ప్రయాణికులను ఎక్కించుకునే బండిలో పంపండి. ఖర్చు ఎక్కువే, కాదనను.

కిరాయికి ఇటుక తోలడం మానలేనంటే ట్రాక్టర్‌ను, ట్రాలీని వాణిజ్య వాడకానికి మార్పించుకుని, పర్మిట్ అవసరమైన చోట అది తీసుకుని, బీమా కూడా అదే పద్దులో రాయించండి. పర్మిట్ కావాల్సిన బండిని అది లేకుండా నడిపితే 192ఏ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. బరువు మీరితే 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అక్కడికక్కడే కట్టించుకునే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారవచ్చు.

రాత్రి ప్రయాణం గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పాలి. టైరు పంచరైన ట్రాలీని రోడ్డంచున వదిలి, చక్రాల కింద రాళ్లు పెట్టి, పంచర్ అతన్ని పిలుచుకురావడానికి వెళ్తారు. వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ మీద బురద. చీకట్లో వచ్చిన బైకువాడికి ఆ ఇనుప తలుపు తగిలేదాకా కనబడదు. ‘వాడే వచ్చి గుద్దాడు’ అంటే సరిపోదు. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని రోడ్డు మీద వదలకూడదని 122వ సెక్షన్ చెబుతోంది. మనిషి పోతే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ వెలెంత? రోడ్డెక్కే ముందు గోనెపట్టాతో ఒకసారి తుడవడానికి ఎంతసేపు?

బ్రేకులదీ ఇదే కథ. ట్రాక్టర్‌కు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. పొలంలో మలుపు తిప్పడానికి విడివిడిగా తొక్కుతారు. రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కలిపే గొళ్లెం వేయాలి. మరిచిపోయి వేగంలో ఒక్కటే తొక్కితే బండి ఒక పక్కకు లాక్కుపోతుంది. వెనక నిండు ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోతే అది ట్రాక్టర్‌ను ముందుకు నెడుతుంది. కొక్కెంలో అసలు పిన్ను పోతే దొరికిన కడ్డీ దూర్చడం చూస్తుంటాను. అది ఊడిన రోజు ట్రాలీ ఎవరి మీదికి పోతుందో దేవుడికే తెలియాలి. దమ్ము చక్రాలతో తారు రోడ్డెక్కి దాన్ని చెక్కితే అది వేరే కేసు.

ఇక మీ అబ్బాయి. సొంత చేలో దున్నుకుంటే లైసెన్సు సెక్షన్ అడ్డురాదు, ఎందుకంటే అది బహిరంగ ప్రదేశాలకే వర్తిస్తుంది. కానీ ప్రజలకు నడిచే హక్కున్న ఏ దారైనా బహిరంగ ప్రదేశమే. డొంక అయినా, పుంత అయినా అంతే. ట్రాక్టర్‌కు 18 ఏళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి. మైనరు తోలుతూ దొరికితే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తండ్రిగా, యజమానిగా మీరే నేరస్థులు. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పైగా అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్స్ లైసెన్సు కూడా ఇవ్వరు. నాకు తెలియకుండా తోలాడని నిరూపించుకుంటే తప్పించుకోవచ్చు గానీ, మీరు ఆ దారి మూసేస్తూ నాకు ఉత్తరమే రాశారు!

వాడికి పద్దెనిమిది నిండాక లైసెన్సు తీయించండి. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది కాబట్టి ఆ విషయంలో దిగులు అక్కర్లేదు. ఈలోగా పాలసీ జిరాక్సు, రెండు బండ్ల ఆర్సీలు పట్టుకుని దగ్గర్లోని న్యాయవాదికి చూపించండి. ‘లిమిటేషన్స్’ గడిలో ఏముందో ఆయన చదివి చెప్పేదాకా ఇటుక బేరం ఆపండి.