పాలిష్ చేసిన ఓపల్‌కు గులాబీ మరక, మసక మెరుపు: సమాధానం

అన్నా, పాలిష్ చేశాక మీ ఓపల్ రత్నానికి గులాబీ మరక పడిందని, మెరుపు మసకగా ఉందని అడిగారు. పాలిష్‌కు వాడే సీరియం పొడి రాయిలోకి దిగింది, ఆ మరక అదే. ఇథియోపియాలోని వెలో ప్రాంతపు ఓపల్ నీళ్లు పీలుస్తుంది, గీతల్లో పొడి కూర్చుంటుంది.

1. మరక పోయేదాకా 1200 నంబర్ వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) పైపొర తీసి, అంతకన్నా సన్నని 3000 నంబర్ దాకా వెళ్లండి. పేపర్ మార్చిన ప్రతిసారీ రాయిని, చేతుల్ని కడగండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పాలిష్‌కు ముందు రాయి పూర్తిగా ఆరాలి. తడిగా ఉంటే గీతలు కనబడవు. గుడ్డలో చుట్టి నీడలో కొన్ని రోజులు ఉంచండి. అనంతపురం ఎండలో పెట్టారో, పగులుతుంది. ఆరాక లైటు కింద వాలుగా తిప్పండి. గీత కనిపిస్తే మళ్లీ 3000 పేపర్‌తో రుద్దండి.

3. తోలు మీద తెల్లటి జిర్కోనియం ఆక్సైడ్ పొడి వేసి, కొంచెం చెమ్మతో పాలిష్ చేయండి. నూనె కలిపిన డైమండ్ పేస్ట్ వద్దు, అదీ ఇంకుతుంది. రాయి వెచ్చబడితే ఆపండి.