టెక్ సందేహాలు: షార్ట్ షిఫ్టర్ ముందా, బుష్‌లు ముందా?

తిరుచానూరు నుంచి ఒక పాఠకుడు: మాది పదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 90,000 కిలోమీటర్లు తిరిగింది. న్యూట్రల్‌లో గేర్ లివర్ ఊగులాడతా ఉంది. కొండెక్కేటప్పుడు మూడు నుంచి రెండుకు తెస్తే ఒక్కోసారి నాలుగులో పడుతుంది. ఆన్‌లైన్‌లో షార్ట్ షిఫ్టర్ కిట్, బుష్‌ల సెట్ రెండూ చూసినా. ఏది వేయించమంటారు?

బుష్‌లు, అంటే కేబుల్, లివర్ అతుకుల్లో ఉండే రబ్బరు, ప్లాస్టిక్ తొడుగులు వేయించండి. లివర్ కదిలే దూరాన్ని తగ్గించే షార్ట్ షిఫ్టర్ కిట్ సంగతి ఆ తర్వాత చూద్దాం. మూడు నుంచి రెండుకు రావాలంటే లివర్ వెనక్కి వస్తూనే ఎడమకు కూడా జరగాలి. ఆ ఎడమ కదలిక గేర్‌బాక్స్ దాకా చేరకపోతే లివర్ తిన్నగా వెనక్కి వచ్చి నాలుగులో కూర్చుంటుంది. అంటే పక్కలకు కదిపే సెలెక్ట్ కేబుల్ దారిలో ఎక్కడో లూజు ఉంది. మార్కెట్లో దొరికే చాలా కిట్లు ముందూ వెనకల దూరాన్నే తగ్గిస్తాయి, పక్కల కదలికను ముట్టుకోవు. కిట్ వేసినా మీ ఇబ్బంది అలాగే ఉండిపోతుంది. పైగా చెయ్యి వేగంగా కదులుతుంది కాబట్టి తప్పు గేరు ఇంకా తొందరగా పడుతుంది.

లూజు ఎక్కడుందో కొనేముందే కనిపెట్టవచ్చు. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. గేరు మూడులో ఉంచి బానెట్ ఎత్తండి. చాలా కార్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితేగానీ గేర్‌బాక్స్ మీది కేబుళ్లు కనబడవు. లోపల ఒకరు కూర్చుని లివర్‌ను మెల్లగా నాలుగు వైపులా కదుపుతుంటే మీరు కేబుల్ కొసలను చూడండి. కేబుల్ లాగితే తిరిగే గేర్‌బాక్స్ చేతికి (ఆర్మ్) ఉన్న పిన్ కదలకుండా దాని చుట్టూ కేబుల్ కన్ను మాత్రమే ఆడుతుంటే కొస బుష్ అరిగిపోయినట్టు. కేబుల్ పైతొడుగు బ్రాకెట్‌లో ముందుకూ వెనక్కూ జరుగుతుంటే బ్రాకెట్ గ్రోమెట్, అంటే అక్కడి రబ్బరు రింగు, పోయినట్టు. కింద అంతా బిగువుగా ఉందనుకుంటే లోపల లివర్ చుట్టూ ఉన్న తొడుగు ఎత్తి చూడండి. లివర్‌తో పాటు దాన్ని పట్టి ఉంచే షిఫ్టర్ బాక్స్ కూడా కదులుతుంటే దాని బోల్టుల కింది రబ్బర్లు మెత్తబడ్డాయి. బాక్స్ నిలబడి లివర్ ఒక్కటే లొడలొడమంటే లివర్ తిరిగే గోళం కూర్చునే ప్లాస్టిక్ కప్పు అరిగింది. అయిదో కారణం నడిపితేనే తెలుస్తుంది. రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా లివర్ దానంతట అదే ముందుకూ వెనక్కూ ఊగితే తప్పు ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్‌లది. ఇంజిన్ ఒరిగినప్పుడు కేబుళ్లను తనతో పాటు లాగుతోంది. ఆ కారుకు ఎన్ని బుష్‌లు మార్చినా డబ్బు దండగే.

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి సెలెక్ట్ కేబుల్ కొస బుష్ మీదే నాకు మొదటి అనుమానం. అది ఇంజిన్ వేడి పక్కనే ఉంటుంది. మన ఎండలకు తోడు ఆ వేడిలో ఏళ్ల తరబడి ఉడికిన రబ్బరు గట్టిపడి, పగిలి, పొడిపొడిగా రాలిపోతుంది.

కొత్త బుష్ ఏ పదార్థంతో ఉండాలన్నది చోటును బట్టి మారుతుంది. షిఫ్టర్ బాక్స్ కింద పాలీయూరిథేన్ వేయండి. గట్టిదనాన్ని చెప్పే షోర్ ఏ కొలతలో 80 దగ్గర ఉంటే రోజూ తిరిగే కారుకు సరిపోతుంది. 95కు పోతే కన్సోల్ అంతా గుయ్‌మంటుంది. అక్కడ అల్యూమినియం బుష్‌లు అమ్ముతారు కానీ అవి రేసు ట్రాక్ బండ్లకు పెట్టాల్సినవి. కేబుల్ కొసలకు అసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్, అంటే డెల్రిన్ మంచిది. బిగువుగా ఉంటుంది, పిన్ మీద సులువుగా తిరుగుతుంది. బ్రాకెట్ గ్రోమెట్‌కు కంపెనీ రబ్బరే చాలు. పాలీయూరిథేన్‌కు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయండి. మామూలు గ్రీజు తగిలితే పక్కనున్న రబ్బరు భాగాలు ఉబ్బుతాయి. గ్రీజు అసలే రాయకపోతే నెల తిరక్కుండా కీచుమంటుంది.

బుష్‌లు మార్చి వెయ్యి కిలోమీటర్లు నడపండి. చాలామందికి కోరిక అక్కడే తీరిపోతుంది, ఎందుకంటే వాళ్లను విసిగించింది దూరం కాదు, లూజు. అప్పటికీ లివర్ దూరంగా కదులుతున్నట్టే అనిపిస్తే కిట్ గురించి ఆలోచించండి. దాని లెక్క ఇది. గోళానికి పైన లివర్ 220 మిల్లీమీటర్లు, కింద 44 ఉందనుకుంటే నిష్పత్తి 5. కిట్‌తో గోళం పైకి జరిగి పైన 209, కింద 55 అయితే నిష్పత్తి 3.8. 120 మిల్లీమీటర్ల కదలిక సుమారు 91కి దిగుతుంది. కానీ చేతి బలం మూడో వంతు దాకా ఎక్కువ పెట్టాలి. దూరం తగ్గినకొద్దీ బరువు పెరుగుతుంది, దీన్ని తప్పించే కిట్ ఏదీ లేదు. కొన్ని కిట్లు లివర్ జోలికి పోకుండా గేర్‌బాక్స్ మీది చేతిని పొట్టిది చేస్తాయి. లెక్క మాత్రం అదే. 20 నుంచి 25 శాతం తగ్గించేది తీసుకోండి. 40 శాతం అని రాసి ఉన్నది ఊరి ట్రాఫిక్‌లో మోచేతికి శిక్ష.

ఇంకో మాట. గేరు మారేటప్పుడు లోపల సింక్రో రింగు రెండు వేగాలను రాపిడితో కలపాలి, దానికి కొంత సమయం కావాలి. లివర్ పొట్టిదైందని చేత్తో తోసేస్తే ఆ రింగు అరుగుతుంది. తిరుమల కొండెక్కే రెండో ఘాట్ రోడ్డులో తొందరపడాల్సిన పని కూడా లేదు. ఆ దారికి వేగంగా పడే గేరు అక్కర్లేదు, కావలసింది తప్పకుండా రెండులోనే పడే గేరు.

చిత్తూరు నుంచి: కొస బుష్ ఒక్కటే కంపెనీ ఇవ్వదు, కేబుల్ మొత్తం మార్చాలన్నారు. మా మెకానిక్ లేత్‌లో ఇత్తడి బుష్ చేయిస్తానంటున్నాడు. సరేనా?

కొన్ని కార్లకు బుష్ విడిగా రాని మాట నిజమే. ఇత్తడి మాత్రం వద్దు. ఇంజిన్ అదురు నేరుగా లివర్‌కు ఎక్కుతుంది. గ్రీజు ఎండి దుమ్ము చేరాక ఇత్తడి అరిగి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, దాంతో పాటు పిన్ కూడా గీసుకుపోతుంది. పిన్ పోతే గేర్‌బాక్స్ మీది చేతినే మార్చాలి.

అదే లేత్‌లో డెల్రిన్ కడ్డీతో చేయించండి. నైలాన్ ఇస్తామంటే ఒప్పుకోకండి, అది తేమ పీల్చి ఉబ్బుతుంది. పిన్ వ్యాసాన్ని గీతలు పడని చోట వెర్నియర్‌తో మూడు చోట్ల కొలవండి. బుష్ రంధ్రం పిన్ కంటే 0.15 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. టర్నర్ సరిగ్గా బిగుతుగా చేస్తానంటాడు, వద్దనండి. 16 మిల్లీమీటర్ల డెల్రిన్ బుష్ 30 డిగ్రీల నుంచి 90కి వేడెక్కితే సుమారు 0.1 మిల్లీమీటర్ పెరుగుతుంది. బయట ఇనుప కన్ను కదలనివ్వదు కాబట్టి ఆ పెరుగుదల లోపలికి తిరిగి రంధ్రాన్ని ఇరుకు చేస్తుంది. పొద్దున బాగా పడిన గేరు మధ్యాహ్నం ట్రాఫిక్‌లో పట్టేయడానికి కారణం చాలాసార్లు ఇదే.

చేయించే ముందు కేబుల్‌ను రెండు కొసల్లో విడదీసి చేత్తో లాగి చూడండి. నున్నగా జారాలి. ఎక్కడైనా గరగరలాడినా, పైతొడుగు చిట్లి తీగ కనబడినా బుష్‌కు ఖర్చు పెట్టకండి, కేబులే మార్చండి. కొసను పిన్ మీంచి ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో ఒకే వైపు ఎత్తితే కన్ను విరుగుతుంది. రెండు వైపులా కొంచెం కొంచెం ఎత్తాలి.

కుప్పం నుంచి: లివర్ లూజు లేదు. కానీ పొద్దున్నే ఒకటి, రెండు గేర్లు గట్టిగా పడతాయి. షార్ట్ షిఫ్టర్ వేస్తే సులువవుతుందా?

ఇంకా గట్టిపడుతుంది. ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. అప్పుడు సులువుగా పడి, స్టార్ట్ చేశాక గట్టిగా ఉంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. హైడ్రాలిక్ క్లచ్ అయితే ఫ్లూయిడ్ మట్టం, లైన్‌లో గాలి, క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్ కారడం చూడాలి. రెండు పరిస్థితుల్లోనూ గట్టిగా ఉండి, బండి వేడెక్కాక తేలికైతే గేర్ ఆయిల్ మార్చండి. మాన్యువల్‌లో ఆయిల్ రకం జీఎల్-4 అని ఉంటే జీఎల్-5 పోయనివ్వకండి, అది ఇత్తడి సింక్రో రింగులకు పడదు. ఆయిల్ దించే ముందే పోసే బిరడా ఊడుతుందో లేదో చూసుకోండి. దించాక అది ఊడకపోతే బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

పలమనేరు నుంచి: లివర్‌ను రెండంగుళాలు కోయించి బరువైన నాబ్ వేస్తే షార్ట్ షిఫ్టర్ అయినట్టే కదా?

కోస్తే పై పొడవు తగ్గి దూరం తగ్గుతుంది. కానీ మర చెక్కడం వంకరైతే నాబ్ నిలవదు, కోసింది మళ్లీ అతకదు. బరువు నాబ్ దూరాన్ని తగ్గించదు, తన ఊపుతో గేరు పడే ఆఖరి కాస్త దూరాన్ని నున్నగా చేస్తుంది, అంతే. ముందు 300 గ్రాముల నాబ్ ఒక్కటే వేసి చూడండి. మర కొలత మీ లివర్‌దే అయి ఉండాలి. రివర్స్‌కు రింగు ఎత్తే రకమైతే మామూలు నాబ్ దానికి కుదరదు.

శ్రీకాళహస్తి నుంచి: కిట్ వేయించిన వారానికి, అయిదో గేరులో యాక్సిలరేటర్ వదలగానే గేరు జారి న్యూట్రల్‌కు వస్తోంది. గేర్‌బాక్స్ పోయిందా?

అప్పుడే ఆ మాట అనుకోవద్దు, కానీ ఇలాగే నడపకండి. సగమే పడిన గేరు జారిన ప్రతిసారీ పళ్ల అంచులు గుండ్రపడతాయి. తొడుగు, కన్సోల్ విప్పి ఒక్కొక్క గేరూ వేసి చూడండి. పూర్తిగా పడ్డాక కూడా లివర్‌కూ బాక్స్ అంచుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. అయిదులో లివర్ అంచుకు తగిలి ఆగుతోందంటే గేరు పూర్తిగా పడకముందే దారి అయిపోయింది. కేబుల్ సర్దుబాటు చేయాలి. ఇప్పుడున్న స్థానం దగ్గర పెయింట్‌తో గుర్తు పెట్టి, లివర్‌నూ గేర్‌బాక్స్ చేతినీ రెంటినీ న్యూట్రల్‌లో నిలబెట్టి, అప్పుడు క్లిప్ వదిలి మళ్లీ బిగించండి. సర్దుబాటు తర్వాత అయిదుకు ఖాళీ వచ్చి రివర్స్‌కు పోతే ఆ కిట్ మీ కారు కొలత కాదు, తిరిగి ఇచ్చేయండి. పాత లివర్ పెట్టి నడిపినా అయిదు జారుతుంటే మాత్రం తప్పు లోపలిది. లోపల గేరును జరిపే ఫోర్కో, గేరు పళ్లో అరిగి ఉంటాయి, గేర్‌బాక్స్ దించాల్సిందే.